దానయ్యగారిని వెనక నుంచి పిలిచిన ఉదయం

ఆ ఉదయం మైకులో దానయ్యగారిని పేరు పెట్టి పిలిచింది తెలియక కాదు, తెలిసే. ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. రోజూ రాసుకునే డైరీలో కూడా ఆ తేదీ కింద ‘కెరటాలు పెద్దవి, పడవలు వెళ్లలేదు’ అని మాత్రమే రాసుకున్నాను.

శ్రీకాకుళం జిల్లా తీరంలో ఒక మత్స్యకార గ్రామానికి సముద్ర సమాచార సహాయకురాలిగా నేను వెళ్లింది నాలుగేళ్ల కిందటి నవంబరులో. ఒప్పంద ఉద్యోగం. అది ముగిశాక రాజాం తిరిగొచ్చి కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. పదవీ విరమణ అనే మాట నా వయసుకు నప్పదు గాని, ఆ పనికి మటుకు నేను మాజీనే. అక్కడ అందరికంటే కింది మెట్టు మాది. మా పైన కొన్ని ఊళ్లకు కలిపి ఒక క్షేత్రాధికారి, ఆయన పైన జిల్లా కార్యాలయం.

తెల్లవారుతుండగా ఫోనుకి బులెటిన్ వచ్చేది. గాలి ఎటు నుంచి, ఎంత వేగంతో, అల ఎంత ఎత్తు, నీటి ఒరవడి ఎటు. దాన్ని తెలుగులో గట్టు మీది మైకు గది ముందున్న బోర్డు మీద రాసి, మైకులో రెండుసార్లు చదవాలి. రాసినది రాసినట్టే చదవాలి. సొంత సలహాలు కలపకూడదు. ఎవరినీ పేరు పెట్టి పిలవకూడదు. నలుగురి ముందు నోరు విప్పాలంటే జంకే నాకు ఈ నియమాలు హాయిగా ఉండేవి. కాగితం చూసి చదవడం మాట్లాడడం కిందికి రాదు కదా.

చలికాలంలో ఆ తీరానికి రెండు రకాల కెరటాలు వస్తాయి. ఈశాన్య గాలి లేపేవి ఒక రకం. అవి దగ్గర దగ్గరగా, తల మీద తెల్లటి నురగతో వస్తాయి. గాలి పడిపోతే అవీ పడిపోతాయి. రెండో రకం ఎక్కడో దక్షిణ బంగాళాఖాతంలో వాయుగుండం లేపి పంపినవి. బులెటిన్‌లో వాటిని ‘స్వెల్’ అంటారు, నేను ‘దూరపు కెరటం’ అని చదివేదాన్ని. వాటికి ఇక్కడ గాలి అక్కర్లేదు. లోతు నీటిలో పడవ కింద నుంచి మెత్తగా జారిపోతాయి. ఒడ్డు దగ్గర లోతు తగ్గేసరికి లేచి నిలబడి విరుగుతాయి. ఆ ఊరికి రేవు లేదు. పడవని ఇసుక మీంచి నీళ్లలోకి నెట్టాలి, మళ్లీ ఇసుక మీదికే తేవాలి. అందుకని ప్రమాదమంతా ఆ విరిగే చోటే.

నేను అద్దెకున్నది దానయ్యగారింట్లో. ఆయన పడవ నడిపేవారు. భార్య పోలమ్మ చేపల గంప ఎత్తుకుని కోటబొమ్మాళి వెళ్లేది. ఆవిడని పిన్ని అనేదాన్ని. చేరిన కొత్తలో ఒకరోజు గుమ్మం దాటి వెళుతున్న ఆవిడని ఏదో అడుగుదామని వెనక నుంచి పిలిచాను. గంప దించి అరుగు మీద కూలబడింది. చెంబుడు నీళ్లు తెప్పించుకుని తాగి, నన్ను పట్టుకుంది.

“బయలెల్లినోల్ని ఎనక్నుంచి పిలుస్తారేటే గుంటా? నానంటే ఆడదాన్ని, గుక్కెడు నీల్లు తాగి ఎల్తాను. ఏటకెల్లే మగోన్ని గాని పేరెట్టి పిలిసేవు! ఇంటికొచ్చి కూకుంటాడు. పొద్దు తిరిగేదాకా పడవ ముట్టడు. ఊరంతా నిన్ను పీక్కు తింటాది, సూసుకో.”

డిసెంబరు మధ్యలో గాలి బాగా కొట్టి కొన్నాళ్లు పడవలన్నీ ఒడ్డునే ఉండిపోయాయి. ఆ గాలి ఒక ఉదయం చటుక్కున ఆగింది. ఇసుక మీద పల్చటి మంచు, నూనె రాసినట్టు నున్నటి సముద్రం. కవళ్ల చేపల మంద దగ్గరికొచ్చిందని ఎవరో కబురు తెచ్చారు. తలకి తువ్వాళ్లు చుట్టుకుని మగవాళ్లంతా పడవల దగ్గరికి చేరారు. బులెటిన్‌లో మాత్రం మధ్యాహ్నం నుంచి దూరపు కెరటం పెరుగుతుందని, ఒడ్డు దగ్గర జాగ్రత్త అని ఉంది. రంగు పసుపు. ఎరుపైతే వెళ్లవద్దని అర్థం. పసుపంటే చూసుకుని వెళ్లమని.

రెండుసార్లు చదివాను. దానయ్యగారు పడవ దగ్గర నుంచే కేకేశారు.

“గాలే నేదు, కెరటమెక్కడ్నుంచి వస్తాది మేడమ్? మీ రాజాం సెరువులోంచా?”

అందరూ నవ్వారు. జవాబు తెలిసినా మైకు కట్టేశాను. క్షేత్రాధికారికి ఫోన్ చేశాను. పసుపే కదా, చదివేశారు కదా, మన పని అయిపోయిందన్నారు. నియమం ప్రకారం ఆయన మాట సరైనదే.

దానయ్యగారు తెలియనివారు కారు. చాలాసేపు కెరటాలనే చూస్తూ నిలబడ్డారు. పెద్దవి వరసగా వచ్చి వెళ్లాక కాసేపు తెరిపి ఉంటుంది, ఆ తెరిపిలో పడవ దాటించాలని చూస్తున్నారు. వెళ్లడం గురించి ఆయన అంచనా తప్పు కాదు. నా భయం తిరిగి రావడం గురించి. మధ్యాహ్నం, చేపల బరువుతో, అదే చోట, ఇంతకింతై లేచే కెరటాల మధ్య నుంచి రావాలి. పైగా ఆయన పడవ కదిలితే మిగతావన్నీ కదులుతాయి.

ఆయన వీపు ఒడ్డు వైపు తిరిగింది. భుజం పడవకి ఆనింది. నేను మైకు మీట నొక్కాను.

“దానయ్యగారూ!”

హారన్‌లో నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఆయన చేతులు పడవ మీంచి జారాయి. పక్కనున్నతను “అయిపోయింది, ఇంకేటి ఎల్తాం” అని తెడ్డు ఇసుకలో పడేశాడు. దానయ్యగారు గట్టు ఎక్కి మైకు గది ముందుకొచ్చారు.

“ఏటి?”

ఏం చెప్పాలో ముందు అనుకోలేదు.

“కేరేజీ మర్చిపోయారేమోనని...”

“మరిదేటి?” అని చేతిలో ఉన్న కేరేజీ నా ముఖం ముందు ఊపారు.

కొందరు తిట్టారు, కొందరు నవ్వలేక చచ్చారు. “మైకెట్టి కూడెట్టేస్తన్నాది మేడమ్!” అన్నారెవరో. నేల చీలితే బాగుండుననిపించింది. అప్పుడు గంప పక్కన పడేసి పోలమ్మ పరుగెత్తుకొచ్చింది. నన్ను తిట్టడానికే అనుకున్నాను. అటు తిరిగి మగవాళ్ల మీద పడింది.

“రాజాం గుంటకి ఏటి తెల్సురా? దానికెవులు సెప్పారు మన పద్దతులు? నోరు ముయ్యండెహె!”

చెప్పింది తనే. నా వైపు మాత్రం చూడలేదు. మొగుడి చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకుపోయింది. ముందు కదలాల్సిన పడవ ఆగాక తక్కినవాళ్లకి మనసొప్పలేదు. గొణుక్కుంటూ వలలు దించుకున్నారు.

మధ్యాహ్నం ఎండ కాస్తూనే ఉంది, ఆకు కదలడం లేదు. కెరటాలు మాత్రం ఒకదాని వెనక ఒకటి తీరిగ్గా వచ్చి గోడల్లా లేచి విరిగాయి. పొద్దున పడవ నెట్టబోయిన చోట నురగ తప్ప ఏమీ కనిపించలేదు. పొద్దు తిరిగినా ఎవరూ వెళ్తామనలేదు. నీళ్లు పడవల దాకా వస్తుంటే “బేగి లాగండ్రా, పైకి లాగండి!” అని దానయ్యగారే ముందు తాడు అందుకున్నారు. పడవలన్నీ తాటితోపు దాకా చేర్చాక నడుము మీద చేతులు పెట్టుకుని చాలాసేపు ఆ విరిగే చోటు వైపే చూశారు. మర్నాడు పొద్దున్న నేను బోర్డు రాయకముందే వచ్చి నిలబడి “ఇయ్యాల ఏటి రాస్తారు మేడమ్?” అని అడిగారు.

క్షేత్రాధికారి వచ్చినప్పుడు మైకు ఇంటి కబుర్లకు కాదని మందలించారు. సరేనన్నాను.

ఆ రోజు నాకు తెలిసింది ఇంతే. సూచన సరిగ్గా ఉండడం ఒక పని, అది సమయానికి చేరడం వేరే పని. భుజం పడవకి ఆనాక చెప్పిన మాట ఎంత నిజమైనా ఆలస్యమే. తర్వాత నేను చదివే వేళ ముందుకు జరిపాను, ఇళ్లలో టీ నీళ్లు మరుగుతుండగానే చదివేదాన్ని. సముద్రం వైపున్న హారన్‌ని ఇళ్ల వైపు తిప్పించాను. దూరపు కెరటం ఉన్నప్పుడు ఎత్తుతో పాటు అది ఎన్నింటికి పెరుగుతుందో కూడా కలిపి చదవడానికి అనుమతి తెచ్చుకున్నాను. ఆ తర్వాత ఎవరినీ పేరు పెట్టి పిలవాల్సిన అవసరం రాలేదు.

ఒప్పందం ముగిసి ఊరు వదిలిన రోజు ఆమదాలవలస వెళ్లే ఆటోలో నా పెట్టె పోలమ్మే ఎక్కించింది. కవళ్ల ఎండుచేపల పొట్లం ఒళ్లో పెట్టి, నా చీర కుచ్చిళ్లు చక్రానికి తగలకుండా లోపలికి సర్ది, ఇంకెవరికీ వినపడకుండా అంది.

“నీ సోట్లో వచ్చేవోలికి మా మగోల పేర్లన్నీ సెప్పేసి ఎల్లు గుంటా.”