గీత పెట్టిన బోల్టు

మా ఆయన కుదురుగా కూర్చోగా నేను చూసింది రెండేసార్లు. ఒకటి మా పెళ్ళి ఫోటో తీసినప్పుడు, రెండోది పన్ను పీకించుకున్నప్పుడు. మిగతా ముప్పై నాలుగేళ్ళూ భోజనం కూడా నిలబడే చేశారు. ఒక చేత్తో తింటూ, రెండో చేత్తో ఏదో ఒకటి కెలుకుతూనే ఉంటారు. ఏమీ దొరక్కపోతే కిటికీ గడియ అయినా ఊడదీసి చూస్తారు.

ఇంటి ముందు గది నాది, పక్కనున్న రేకుల షెడ్డు ఆయనది. నా గదిలో కుట్టుమిషను, ఆయన షెడ్డులో ఇంజన్లు. మధ్యలో ఒక తలుపు ఉంది. దాన్ని మూసి ఉంచమని నేను, తీసి ఉంచమని ఆయన. తీసి ఉంచమనడం నా మీద ప్రేమతో కాదు, నా సుద్దముక్క కోసం. బట్ట మీద గుర్తులు పెట్టుకోవడానికి నేను వాడే పలుచటి సుద్ద అది. బోల్టు బిగించగానే దాని తల తుడిచి, సుద్దతో ఒక గీత పెట్టడం ఆయనకు గురువు నేర్పిన అలవాటు. గీత ఉందంటే బిగిసినట్టే. ఇక దాని జోలికి వెళ్ళరు. బిగించినదాన్నే మళ్ళీ మళ్ళీ బిగిస్తే బోల్టు మరలు అరిగిపోతాయని ఆయన భయం. ఆ గురువుగారు ఎవరి సుద్ద ఎత్తుకెళ్ళేవారో నాకు తెలియదు.

పోయిన నెల ఒక కారుకు ఆయిలు మూత పెట్టడం మర్చిపోయి పంపించేశారు. అది దారిపొడుగునా నూనె కక్కుకుంటూ తిరిగొచ్చింది. మా అబ్బాయి ఎప్పటినుంచో షెడ్డు మూసేయమని పోరుతున్నాడు. ఆ రోజు గట్టిగానే అన్నాడు. ఈయనకు రోషం పొడుచుకొచ్చింది. "ఇంకొక్క బండి నా తప్పు వల్ల వెనక్కొచ్చిందంటే షెడ్డు తాళం నీ చేతిలో పెట్టేస్తా" అన్నారు. అన్నాక రాత్రంతా అటూ ఇటూ దొర్లారు. షెడ్డు లేకపోతే ఈ మనిషి ఏమైపోతారో అని నాకూ నిద్ర పట్టలేదు.

శనివారం పొద్దున్నే స్కూలు వ్యాను వచ్చి మా ముందు ఆగింది. పాత ఇంజను చేతులెత్తేస్తే డ్రైవరు వేరే ఇంజను కొని తెచ్చుకున్నాడు. దాన్ని ఎక్కించి అంతకుముందు సోమవారమే పని పూర్తి చేసింది మా ఆయనే.

"మేస్త్రీ గారూ, కొత్త ఇంజను టకటకమంటోందండీ" అన్నాడు డ్రైవరు. "పిల్లలు బండి దిగి కూడా టకటకా అంటూ క్లాసుకి పోతున్నారు. టీచరమ్మ నన్ను తిడుతోంది. ఎల్లుండి పొద్దున్నకి బండి కావాలి."

మా ఆయన మొలలోని షెడ్డు తాళంచెవిని ఒకసారి తడిమి చూసుకున్నారు.

పెద్ద స్క్రూడ్రైవరు మొన ఇంజనుకు ఆనించి, పిడి చెవికి ఆనించుకుని వినడం మొదలుపెట్టారు. ఇక్కడ విన్నారు, అక్కడ విన్నారు. ఇనుములో చప్పుడు అంతటా పాకుతుంది కదా, ఎక్కడ విన్నా ఒకేలా ఉంది. బెల్టు తీసేసి నడిపించారు, పోలేదు. పొగగొట్టానికి చెక్క అడ్డంపెట్టి చూశారు, పోలేదు. ఇంజను నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు టక్కు, టక్కు. కాస్త జోరు పెంచితే మాయం. వ్యాను చుట్టూ ఎన్ని ప్రదక్షిణలు చేశారో లెక్కలేదు. మధ్యాహ్నం భోజనానికి పిలిస్తే వినిపించుకోలేదు. నేను మాత్రం ఏం కుదురుగా ఉన్నాను? రెండు చొక్కాలకు చేతులు తిరగేసి కుట్టి, మళ్ళీ విప్పుకున్నాను.

సాయంత్రం మా అబ్బాయి ఆఫీసు నుంచి నేరుగా షెడ్డుకొచ్చాడు. గుమ్మం దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఏమే, ఓసారి ఇలా వచ్చి బండి స్టార్టు చెయ్యి" అని మా ఆయన నన్ను కేకేశారు. డ్రైవరు సీటులో కూర్చుని తాళం తిప్పాను. టక్కుమన్నప్పుడల్లా నా అరికాలి కింద రేకు అదిరింది.

"ఏమండీ, ఇది ఇంజను లోపల కాదు. నా కాళ్ళ కింద కొడుతోంది."

"నువ్వు యాక్సిలరేటరు తొక్కడం చూడు చాలు. లోపలే తేడా ఉంది" అని, అప్పుడే టీ తాగి వచ్చిన డ్రైవరు వైపు తిరిగారు. "నీకు ఇంజను అమ్మినవాడు మోసం చేశాడయ్యా. మొత్తం విప్పాల్సిందే. ఫోను చెయ్యి వాడికి."

డ్రైవరు మండిపడుతూ ఫోను తీశాడు. నేను బండి ఆపి దిగి, వంగి కిందకు చూశాను. ఇంజనును చట్రానికి పట్టి ఉంచే నాలుగు బోల్టుల మీదా నా నీలం సుద్ద గీతలు చక్కగా ఉన్నాయి. వాటిని చూడగానే సోమవారం మధ్యాహ్నం గుర్తొచ్చింది.

ఆ రోజు కోటు కొలతకు వచ్చినాయన నా గదిలో నిలబడి ఉన్నాడు. ఇంట్లో ఉన్నది ఒకే సుద్దముక్క, అది షెడ్డులో ఉంది. నేను తలుపు దగ్గర నిలబడి గొంతు చించుకున్నాను. "ఉండవే, ఇంకా రెండున్నాయి" అన్నారు ఆయన వ్యాను కిందనుంచి. "నాకిప్పుడే కావాలి, ఎప్పుడూ ఇదే గోల" అన్నాను. అంతే, వెంటనే సుద్దతో చెయ్యి బయటికొచ్చింది. మధ్యలో స్పానరు చప్పుడు వినిపించలేదు. నేను సుద్ద లాక్కుని వచ్చేశాను. ఆ వెనకే ఎవరో బండి మొరాయించిందని పిలిస్తే ఆయన లేచి వెళ్ళారు. అంటే నాకోసం బిగించకముందే గీతలు పెట్టేశారు. తర్వాత ఆ గీతలు చూసి బిగించేశాననుకున్నారు.

చెబితే తప్పు ఈయనదవుతుంది, తాళం కొడుకు చేతికి పోతుంది. చెప్పకపోతే ఎక్కడో ఉన్న ఇంజను అమ్మినవాడు దొంగవుతాడు. డ్రైవరు ఫోను చెవికి పెట్టుకున్నాడు. అవతల ఇంకా ఎవరూ ఎత్తలేదు.

"బాబూ, ఫోను పెట్టెయ్" అన్నాను. "ఏమండీ, డ్రైవరు సీటు వైపు రెండు బోల్టులు బిగించలేదు మీరు. సుద్ద నేను లాక్కుపోయాను."

ఆయన నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేను. కోపం లేదు అందులో, సిగ్గు ఉంది. స్పానరు తీసుకుని బండి కిందకు దూరారు. ఆ రెండు బోల్టుల మీదా స్పానరు మూడేసి చుట్లు తిరిగింది. డ్రైవరు స్టార్టు చేశాడు. ఎంతసేపు విన్నా ఇంజను హాయిగా తిరుగుతూనే ఉంది.

"బతికించారు!" అని డ్రైవరు బండేసుకుని పోయాడు. అతనికి తప్పు ఎవరిదైతేనేం?

మా ఆయన మొలలోంచి షెడ్డు తాళంచెవి తీసి అబ్బాయి ముందు చాపారు. "నా తప్పేరా" అన్నారు.

"సగం నాది" అన్నాను. "ఇస్తే సగం తాళం ఇవ్వండి."

వాడు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "సగం షెడ్డు మూస్తే వాన లోపలికొస్తుంది నాన్నా, ఉంచుకో" అని ఇంట్లోకి వెళ్ళిపోయాడు. నవ్వాడో, విసుక్కున్నాడో తెలియదు.

ఆయన చాలాసేపు షెడ్డులో ఊరికే తిరిగారు. తర్వాత తలుపు దగ్గరకొచ్చి, "ఇకనుంచి నేను బిగిస్తా, గీత నువ్వు పెట్టు" అన్నారు. నలుగురికీ పని నేర్పే మనిషి ఆ మాట అనడానికి ఎంత మింగుకున్నారో నాకు తెలుసు.

అప్పటినుంచి సుద్ద పట్టుకుని బండ్ల కిందకు దూరుతున్నాను. ఆయన చేతులు తుడుచుకోవడానికి అటు తిరగ్గానే, ప్రతి బోల్టునూ ఒకసారి స్పానరుతో కదిపి చూసి మరీ గీత పెడతాను. దొంగతనంగా చేస్తున్నానని భయంగానే ఉండేది. ఆయన చూస్తే నొచ్చుకుంటారని గబగబా కానిచ్చేదాన్ని. కానీ ఈమధ్య గమనించాను. చేతులు తుడుచుకోవడానికి ఆయన మునుపటికంటే చాలాసేపు తీసుకుంటున్నారు. సుద్దముక్క పక్కన సరైన సైజు స్పానరు కూడా తీసిపెట్టి మరీ వెళ్తున్నారు.