ఉలవాకు చీటీలు

అనంతపురంలో పరిశోధన చేసే రోజుల్లో మా ల్యాబులో నాకంటే నాలుగేళ్లు సీనియరైన అక్క పోయిన ఆదివారం చనిపోయింది. ఆమె తమ్ముడు ఫోన్ చేసి, "నిద్రలోనే పోయిందన్నా. మీరంటే అక్కకు శానా అభిమానం, అందుకే చెప్తాండా" అన్నాడు. ఆ అభిమానం మాట వినలేక ఫోన్ పెట్టేశాను.

మడకశిరలో జూనియర్ కాలేజీ పిల్లలకు వృక్షశాస్త్రం చెప్పిన మేడమ్‌గానే ఆమె అందరికీ తెలుసు. తొంభైల చివర్లో ఆమె చేసిన పని తెలిసినవాళ్లు తక్కువ. తెగులు తగిలితే మొక్క ఊరికే కూచోదు, తనను కాపాడుకోవడానికి కొన్ని ప్రోటీన్లు తయారు చేసుకుంటుంది. వేరుశనగ, కంది, ఆముదం, ఉలవల్లో ఏది వేటిని, ఎంత చేసుకుంటుందో పోల్చి చూడటం ఆమె పీహెచ్‌డీ అంశం. ఎందుకని అడిగితే, "మన మెట్టచేన్లో ఏది గట్టిదో తెలుసుకోవద్దా?" అనేది.

గుమ్మఘట్టలో వాళ్ల నాయనను బతిమాలి చేనులో ఒక మూల నాలుగు పైర్లూ వేసింది. సగం మొక్కలకు తెగులు కలిపిన నీళ్లు కొడుతుంటే ఆయన గట్టున నిలబడి, "ఇంత సదువు సదివింది చేనుకు రోగం పెట్టేదానికా తల్లీ?" అన్నాడు.

"సగానికే కదా నాయనా" అని నవ్వింది.

రెండు రోజులకు ఆకులు కోసి, ప్రతి కవర్లో ఒక చీటీ వేసి, రాయదుర్గంలో కొన్న ఐసు మధ్య పెట్టుకుని బస్సులో అనంతపురం తెచ్చేవాళ్లం. చీటీలు పెన్సిలుతోనే రాయాలి. "ఐసు కరిగితే ఇంకు నిలబడదప్పా" అని ప్రతిసారీ చెప్పేది. ఉలవాకు మొదటిసారి కోసిన రోజు, దాని చీటీల దగ్గరికొచ్చేసరికి నా పెన్సిలు విరిగింది. ఇంకోటి అడగడానికి బద్ధకించి ఇంకుపెన్నుతో రాశాను. ల్యాబులో తీసి చూస్తే రెండు చీటీలూ నీలిమరకలే. మచ్చలింకా రాలేదు కాబట్టి తెగులు కొట్టిన ఆకేదో, కొట్టనిదేదో కంటికి తెలియదు. అక్క వచ్చేలోగా నాకు తోచినట్టు కొత్త చీటీలు రాసి పెట్టేశాను.

తారుమారుగా రాశాను. తెగులు కొట్టని ఉలవలో ప్రోటీన్లు నిండుగా, కొట్టినదాంట్లో అంతంతమాత్రంగా కనిపించాయి. అక్క ముఖం వెలిగిపోయింది. "చూస్తివా? ఉలవ ముందే కూడబెట్టుకొనుండాది. కరువులో పెరిగింది కదా, రోగం వచ్చేదాకా ఆగదు, వచ్చినాక ఆ దాచిందే ఖర్చు పెడతాది." చెబితే మా గైడు సారు నన్ను ల్యాబులోంచి పంపేస్తారని నోరు మెదపలేదు. పిరికివాణ్ణి, ఇంతకంటే మర్యాదైన మాట నాకు నేనే ఇచ్చుకోలేను.

తర్వాత రెండేళ్లు వానలు మోసం చేశాయి, చేను బీడు పడింది. ఆ రెండేళ్లూ అక్క ఆ ఒక్క ఫలితం మీదే సగం థీసిస్ రాసింది, సదస్సులో చదివింది. మూడో ఏడు వాన పడ్డాక మళ్లీ చేసింది. ఈసారి చీటీలన్నీ తనే రాసుకుంది. ఉలవ కూడా మిగతా మొక్కల్లాగే తెగులు తగిలాకే ప్రోటీన్లు చేసుకుంది. మూడుసార్లు చేసినా అంతే. గైడు సారు అందరి ముందూ, "చేతిలో నిదానం లేనోళ్లకు పరిశోధన ఎందుకమ్మా?" అన్నాడు. నేను పక్కనే బీకర్లు కడుగుతూ నిలబడ్డాను.

ఆ సాయంత్రం అక్క నన్ను ఒక్కటే అడిగింది. "ఆ పొద్దు చీటీలు పెన్సిలుతోనే రాసినావు కదప్పా?"

"అవునక్కా."

"అయితే తప్పు నాదే" అంది. నా మాట నిజమేనా అని ఆమె రెండోసారి అడగను కూడా లేదు.

తర్వాతి వారం ల్యాబుకు చివరిసారి వచ్చింది. ఫ్రిజ్‌లో ఉన్న తన గాజుగొట్టాలన్నీ తీసి, వాటిలోని ఆకురసాలు పారబోసి, కొళాయి కింద ఒక్కొక్కటే కడిగి, పాత తువ్వాలు పరిచి బోర్లించింది. "ఆరినాక తీసుకోప్పా, నీకు పనికొస్తాయి" అని చెప్పి, చేతులు కొంగుకు తుడుచుకుంటూ మెట్లు దిగిపోయింది. నాకు డాక్టరేటు తెచ్చిన పనంతా ఆ గొట్టాల్లోనే చేశాను.