మాల తీసిన రోజు వెల్లుల్లి రొయ్యలు

దీక్ష నడిచిన మండలం రోజులూ మా ఇంట్లో వెల్లుల్లి లేదు. ఉల్లిపాయ కూడా లేదు. అందుకని ఆ రోజు మధ్యాహ్నం వెల్లుల్లిపాయ చితక్కొట్టి రెబ్బలు ఒలుస్తుంటే, ఆ ఘాటు ముక్కుకి తగిలి నాకు భయం వేసింది. నవ్వుకుంటే నవ్వుకోండి. వెల్లుల్లి వాసనకి భయపడే ఆడది కృష్ణా జిల్లా మొత్తంలో నేనొక్కదాన్నే అయ్యుంటాను. కానీ ఆ వాసన వంటింట్లోకి వచ్చిందంటే మా ఆయన మెడలో మాల లేదని అర్థం.

మా ఆయన ఏటా భవానీ మాల వేసుకుంటాడు. మాల ఉన్నన్నాళ్లూ ఎర్రబట్టలు, తెల్లవారుజామున చన్నీళ్ల స్నానం, నేల మీద చాప, కాళ్లకి చెప్పుల్లేకుండా భవానీపురం నుంచి గవర్నర్‌పేట దాకా ఉద్యోగం. అక్కడ ఫ్యాన్లూ మోటార్లూ అమ్మే హోల్‌సేల్ షాపులో సేల్స్‌మన్. ఆ రోజుల్లో ఆయన్ని నేను 'భవానీ' అని పిలవాలి, ఆయన నన్ను 'మాతా' అనాలి. మామూలు రోజుల్లో 'ఒసేయ్' తప్ప వేరే పిలుపు ఎరగని దాన్ని, "మాతా, కాసిని మంచినీళ్లు ఇస్తారా" అంటుంటే మొదటి రెండ్రోజులూ నవ్వాగేది కాదు. తర్వాత అలవాటైపోయేది. అలవాటవడమే నా ప్రాణానికి వచ్చింది.

ఎందుకంటే మాలలో ఉంటే మందు ముట్టడు. చుక్క ముట్టడు. ఎవరు పిలిచినా వెళ్లడు.

ఈ ఏడు వానాకాలంలో కళ్లు పచ్చబడి, పొట్ట ఉబ్బి హాస్పిటల్లో చేరాడు. డాక్టరుగారు స్కానింగు చూసి నన్ను ఒక్కదాన్నే బయటికి పిలిచి, "ఇకమీదట తాగితే మాత్రం నా దగ్గరికి తీసుకొచ్చి లాభం ఉండదమ్మా, ముందే చెప్తున్నా" అన్నాడు. ఆ మాట ఆయనకీ చెప్పాను. తలూపాడు. కొన్నాళ్లు బుద్ధిగా ఉన్నాడు, మళ్లీ షురూ చేశాడు. నేను ఏడ్చాను, అరిచాను, అన్నం మానేశాను. తొమ్మిదో క్లాసు చదివే మా అమ్మాయి మాట్లాడ్డం మానేసింది. ఏం లాభం? దున్నపోతు మీద వాన కురిసినట్టే. ఆ తర్వాత మాల వేసుకునే రోజు వచ్చింది, అంతే, టక్కున మానేశాడు. డాక్టరు మాట కంటే, నా ఏడుపు కంటే, కన్నకూతురి మొహం కంటే ఆ పూసలదండకి మా ఇంట్లో విలువ ఎక్కువ. దానికి సంతోషించాలో కుళ్లుకోవాలో నాకిప్పటికీ తెలీదు.

ఆ మండలంలో మనిషి తేరుకున్నాడు. ముఖంలో నలుపు విరిగింది. సాయంత్రం ఇంటికొచ్చి దీపం పెట్టి, పిల్ల పక్కన కూర్చుని లెక్కలు చెప్పేవాడు. నేను వంటింట్లోంచి వింటూ ఉండేదాన్ని. ఇంతకంటే నాకేం కావాలి అనుకునేదాన్ని. అంతలోనే మాల తీసే రోజు దగ్గరపడుతోందని గుర్తొచ్చి చేతిలో గరిటె ఆగిపోయేది.

సిగ్గు విడిచి వాళ్ల గురుభవానిగారి దగ్గరికి కూడా వెళ్లాను. "ఇంకో మండలం ఉంచేయకూడదా అండీ" అని అడిగాను. ఆయన పాపం మంచివాడే. "ఇరుముడి అమ్మవారికి అప్పజెప్పాక మాల ఉంచకూడదమ్మా, నియమం అంటూ ఒకటి ఉంది కదా" అన్నాడు. ఇంటికొచ్చి అమ్మవారి పటం ముందు నిలబడి అడిగేశాను. ఏం తల్లీ, మెడలో దండ ఉన్నంతసేపేనా నీ పూచీ? తీసిన గంట నుంచీ నీకు సంబంధం లేదా? పటం ఏం చెప్తుంది!

ఈ దీక్షల వెనక ఇంకో ఆచారం ఉంది, ఏ పుస్తకంలోనూ రాయనిది. పొద్దున కొండ మీద మాల తీస్తారు, సాయంత్రానికి అందరూ ఒకచోట చేరతారు. ఇన్నాళ్ల ఉపవాసానికి కసి తీరా నీసు తింటారు, తాగుతారు. అందరూ కాదు లెండి, మా ఆయన జట్టు. పోయినేడు అలా వెళ్లినవాణ్ణి ఇద్దరు మోసుకొచ్చి వరండాలో పడుకోబెట్టి పోయారు.

ఈసారి నేనొక ఎత్తు వేశాను. తాగేవాళ్లతో కాపురం చేసిన ఏ ఆడదాన్నడిగినా చెప్తుంది, వాళ్లు అన్నం తిన్నాక తాగరు. తాగాకే తింటారు. కడుపునిండా అన్నం పడితే మందు దిగదు, మజా ఉండదు. అందుకే పెళ్లిళ్లలో కూడా "తర్వాత తింటాం, తర్వాత తింటాం" అంటూ తప్పించుకు తిరుగుతారు. కాబట్టి జట్టు నుంచి ఫోను వచ్చేలోపు, పొద్దు గుంకేలోపు, ఆయన కడుపులో అన్నం పడిపోవాలి. అదీ మామూలు అన్నం కాదు, కాదనలేని అన్నం.

కాదనలేనిది అంటే రొయ్యలే. మాది చల్లపల్లి వైపు, రొయ్యల చెరువుల గట్ల మీద పెరిగినదాన్ని. చింతచిగురులో వేస్తాను, గోంగూరలో వేస్తాను, ఉత్త వేపుడూ చేస్తాను. కానీ వేపుడు చేస్తే ఆయనకి గ్లాసే గుర్తొస్తుంది, ఎన్నేళ్లుగానో అది దానికి తోడుగానే తిన్నాడు మరి. అందుకని మా అమ్మాయి ఫోన్లో చూపించిన కొత్త రకం చేద్దామనుకున్నాను. వెల్లుల్లీ బట్టరూ వేసి చేసే రొయ్యలు. పావుగంటలో అయిపోతుందంది. నాక్కావలసింది కూడా ఆ పావుగంటే.

ఇద్దరం వంటగట్టుకి ఆనుకుని వీడియో చూశాం. తెల్ల కోటు వేసుకున్న అబ్బాయి చకచకా చేసేస్తున్నాడు. బట్టరు కరిగించాడు, వెల్లుల్లి వేశాడు, రొయ్యలు వేశాడు, ఇంక అయిపోయిందనుకునేలోపు ఒక సీసా తీసి వైను గుబగుబా పోశాడు. "ఇప్పుడు కొంచెం వైట్ వైన్" అని నవ్వుతున్నాడు కూడా. ఓరి నీ దుంపతెగా, నీకూ ఇదే దొరికిందిరా అనుకున్నాను. పిల్ల నా మొహం చూసి వీడియో ఆపేసి, "నిమ్మకాయ పిండుకోవచ్చంటమ్మా, కింద రాశారు" అంది. కింద నిజంగానే రాశారో, నా కోసం చెప్పిందో నేను అడగలేదు.

మాల తీసి పన్నెండు దాటాక ఇంటికొచ్చాడు. మెడ బోసిగా ఉంది. స్నానం చేసి గళ్ల లుంగీ, బనీను వేసుకున్నాడు. ఇన్నాళ్లూ ఎరుపులో చూసిన కళ్లకి ఆ మనిషే కొత్తగా కనిపించాడు. ప్రసాదం పెట్టాడు. "ఒసేయ్, కాస్త నడుం వాలుస్తా" అన్నాడు. 'మాతా' పోయి 'ఒసేయ్' వచ్చింది. నేను పట్టించుకోనట్టు రొయ్యలు కడగడానికి వెళ్లాను.

మార్కెట్లో ఆవిడ ఒలిచే ఇచ్చింది, కానీ తలకాయలూ పొట్టూ కూడా కవర్లో వేయించుకున్నాను. ఒక్కో రొయ్య వీపు చీల్చి నల్ల నరం లాగి, ఉప్పూ పసుపూ పట్టించి మూడు నీళ్లు కడిగాను. తలకాయలూ పొట్టూ ఒక గిన్నెలో వేసి నీళ్లు పోసి మరగబెట్టి వడకట్టాను. ఆ వైను పోసే చోట ఏదో ఒక తడి పడాలి కదా. అది ఈ నీళ్లతోనూ నిమ్మరసంతోనూ తీరుద్దామని నా తెలివి.

నాలుగున్నరకి హాల్లో ఫోను మోగింది. నేను వంటింట్లోంచి చెవి ఒగ్గాను. "ఆఁ... తీశాం... చూద్దాంరా" అంటున్నాడు. చూద్దాం అంటే వస్తాననే. గబగబా బియ్యం కడిగి కుక్కర్ పెట్టాను. బాండీ వేడెక్కగానే బట్టరు వేశాను. వీడియోలో అబ్బాయికి ఎంత నిదానంగా కరిగిందో, నాకు అంత తొందరగా మాడబోయింది. మంట తగ్గించి చెంచాడు నూనె పోశాను. సన్నగా తరిగిన వెల్లుల్లి వేసి, అది రంగు తిరక్కముందే రొయ్యలు పరిచాను. రొయ్యకి ఎక్కువ సేపు అక్కర్లేదు. ఒకవైపు ఎర్రబడగానే తిప్పాలి, కొంచెం వంకర తిరగ్గానే దించాలి, ఏమరుపాటుగా ఉంటే రబ్బరే. పొట్టు మరిగించిన నీళ్లు గరిటెడు పోస్తే సుయ్యిమంది. పిజ్జాతో వచ్చిన ఎండుమిరపగింజల ప్యాకెట్లు దాచినవి ఉంటే అవి చింపి పోశాను. మిరియాలు, కొత్తిమీర, స్టవ్ కట్టేశాక నిమ్మకాయ. వాసన ఘుమఘుమలాడుతోంది. హాల్లోంచి, "ఏంటే అది, వీధంతా తెలిసిపోతోంది" అన్నాడు. నా ప్రాణం లేచి వచ్చింది.

"రండి, వేడివేడిగా తినేద్దురుగాని."

"ఇప్పుడా? ఐదు కూడా కాలేదు."

"చల్లారితే బాగోదండీ. ఇంగ్లీషు కూర ఇది, దీని పద్ధతి ఇంతే."

ఇంగ్లీషు కూరలకి పద్ధతులేమిటో నాకేం తెలుసు! పీట వాల్చేశాను. పిల్ల పుస్తకాలు పక్కన పడేసి, "నాకూ నాన్నతోనే" అంటూ వచ్చి కూర్చుంది. తిన్నాడు. మొదటి ముద్ద పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. ఇన్నాళ్ల తర్వాత నాలిక్కి తగిలిన నీసు. "అబ్బో" అన్నాడు. బాండీలో అంటుకున్న బట్టరులో అన్నం కలిపి తెమ్మన్నాడు. నేను వడ్డిస్తూనే ఉన్నాను, మారు, మళ్లీ మారు. చాలంటున్నా వేస్తున్నాను. పెరుగన్నం కూడా తినిపించాను. చివరికి గర్రున త్రేన్చి చెయ్యి కడుక్కున్నాడు. గెలిచాననుకున్నాను. నిజంగా, ఆ ఐదు నిమిషాలూ గెలిచానని గిన్నెలు తోముతూ పాట కూడా పాడుకున్నాను.

ఆరింటికి మళ్లీ ఫోను. "తినేశాన్రా" అన్నాడు. అవతల వాడు ఏమన్నాడో, ఈయన నవ్వలేదు. ఫోను కట్టేసి వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"తలుపుకి తాళం వెయ్యి" అన్నాడు.

నాకు అర్థం కాలేదు.

"గ్రిల్లుకి తాళం వేసి చెవి నీ దగ్గర పెట్టుకో. పొద్దున్నదాకా నాకివ్వకు. నేను ఎంత అడిగినా ఇవ్వకు. వారం నుంచీ ఇదే భయంగా ఉందే నాకు."

నేను ఇన్నాళ్లూ ఏమనుకున్నాను! ఎప్పుడు మాల తీస్తామా, ఎప్పుడు పోయి తాగుదామా అని ఆయన రోజులు లెక్కపెట్టుకుంటున్నాడనుకున్నాను. నేను భయపడ్డ రోజుకే ఆయనా భయపడుతున్నాడని నా బుర్రకి తట్టనే లేదు. ఇద్దరం ఒకే ఇంట్లో ఉండి, ఒకరికొకరం చెప్పుకోకుండా, ఎవరి భయం వాళ్లం దాచుకుని కూర్చున్నాం. తాళం వేసి చెవి జాకెట్లో దోపుకున్నాను.

ఒక గంట బాగానే ఉన్నాడు. టీవీ పెట్టాడు, కట్టేశాడు. మంచినీళ్లు తాగాడు. తర్వాత "సిగరెట్టు తెచ్చుకుంటా, కింద బడ్డీ దాకా" అన్నాడు. వద్దన్నాను. "పోనీ నువ్వే రా నాతో" అన్నాడు. వద్దన్నాను. బతిమాలాడు. నా గడ్డం పట్టుకున్నాడు. ఆ తర్వాత గొంతు మారింది. "ఒసేయ్, ఇస్తావా ఇవ్వవా! ఇల్లు నాదా నీదా!" పక్కవాటా వాళ్లు వినడానికి టీవీ సౌండు తగ్గించారు. పిల్ల గదిలోంచి వచ్చి గోడకి అంటుకుని నిలబడింది. ఆయన గ్రిల్లు పట్టుకుని ఊపాడు. అది ఊగింది గానీ ఊడలేదు.

"మీరే కదండీ ఇవ్వద్దన్నారు" అన్నాను, ఏడుస్తూ.

ఆయన ఊపడం ఆపాడు. నా వైపు తిరిగాడు. ఒళ్లంతా చెమట.

"ఇవ్వద్దన్నదీ నేనే. ఇమ్మంటున్నదీ నేనే. ఏ మాట వింటావు చెప్పు?"

గ్రిల్లుకి వీపు ఆనించి కింద కూర్చున్నాను, అంతే చేతనైంది నాకు. కాసేపటికి ఆయన కూడా ఎదురుగా చతికిలబడ్డాడు. పిల్ల చెంబుతో నీళ్లు తెచ్చి ఇద్దరి మధ్యా పెట్టి వెళ్లింది. ఎవరం ముట్టుకోలేదు. అలాగే ఎప్పుడో కునుకు పట్టింది.

తెల్లారాక ఆయన స్నానం చేసి, ప్యాంటూ షర్టూ తొడుక్కుని, బూట్లు వేసుకుని గ్రిల్లు ముందు నిలబడ్డాడు. షాపు తెరిచే వేళైంది. ఇంట్లో కూర్చోబెడితే జీతం ఎవరిస్తారు? భవానీపురం నుంచి గవర్నర్‌పేట దాకా దారి పొడుగునా వైన్ షాపులే, సాయంత్రం తిరిగొచ్చేదీ ఆ దారినే. నేను క్యారేజీ ఆయన చేతికిచ్చి, జాకెట్లోంచి చెవి తీశాను. ఆయన నా మొహం చూడలేదు, నేనూ చూడలేదు.

తాళం నేనే తీశాను.