రేడియో మీద ఆనించిన కర్ర

ఆ ఉదయం మేస్త్రీ టీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, రేడియో ముందు స్టూలు లాక్కుని కూర్చున్నాడు. అది చెక్క పెట్టెలో ఉండే పాతకాలపు రేడియో. ఆయన చేతిలో మూరెడు కర్ర ఉంది. దాని ఒక చివర రేడియో పెట్టెకి ఆనించి, రెండో చివర పళ్ళ మధ్య పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. వార్తలు వస్తున్నాయి. వంటగదిలోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చిన చెల్లెలు ఆ వాలకం చూసి మొహం చిట్లించింది.

"వినేవాళ్ళు లేని కొంపలో ఈ గోల ఒకటి," అని ఆయన భుజం మీదుగా చెయ్యి చాపి రేడియో కట్టేసింది.

మేస్త్రీ కళ్ళు తెరిచి ఆమెవంక చూశాడు. కర్ర నోట్లోంచి తీసి, తుండుతో శుభ్రంగా తుడిచి, ఇంటి వెనకున్న షెడ్డులోకి వెళ్ళిపోయాడు.

పదకొండింటికి ఆమె మళ్ళీ టీ పట్టుకెళ్ళింది. మేస్త్రీ పనిబల్ల పక్కన గోడకి జారగిలబడి కూర్చుని ఉన్నాడు. చొక్కా నిండా చిత్రిక పొట్టు. "అన్నయ్యా, టీ," అంది. పలకలేదు. పిలిస్తే పలక్కపోవడం ఆ ఇంట్లో నాలుగేళ్ళుగా మామూలే కాబట్టి, రెండోసారి పిలవకుండా గ్లాసు బల్ల మీద పెట్టి వచ్చేసింది. అన్నానికి పిలవడానికి వెళ్ళినప్పుడు చూస్తే, టీ మీద మీగడ కట్టి ఉంది.

పాత పడవలు బాగుచెయ్యడం ఆయన పని. కొత్త పడవ జోలికి పోయేవాడు కాదు. "కొత్తది ఎవడైనా చేస్తాడు. దానికి చెప్పుకోవడానికేం ఉంటుంది?" అనేవాడు. తాతల నాటి చెక్క పడవలు, ఎండకి అతుకులు విచ్చినవి, ఎవరో అడ్డదిడ్డంగా రేకు ముక్కలు కొట్టినవి షెడ్డుకి వచ్చేవి. పడవ రాగానే చుట్టూ ఒకసారి తిరిగి, ఒక్కొక్క పలక మీదా కొయ్యసుత్తితో చిన్నగా కొట్టి, చెవి ఆనించి వినేవాడు. గట్టి చెక్క గంటలా మోగుతుందట. లోపల పుచ్చితే గోనెబస్తా మీద కొట్టినట్టుంటుందట. ఆ తేడా ఇంకెవరి చెవికీ చిక్కేది కాదు. పైన రంగు ఎంత మెరిసిపోతున్నా సరే, ఆయన "ఇది పోయింది" అన్నాడంటే పోయినట్టే. అందుకే అందరికీ ఆయన చెవి మేస్త్రీ. "పడవని నోరు తెరిచి 'ఆ' అనమనండి మేస్త్రీగారూ, గొంతు కూడా చూసేద్దురు," అని ఏడిపించేవాళ్ళు. ఆయన నవ్వేవాడు కాదు గానీ, మీసం ఒక పక్కకి కదిలేది.

మేస్త్రీ భార్య చనిపోయిన ఏడాదే చెల్లెలు ఆ ఇంటికి వచ్చింది. ఆమెకి పెళ్ళి కాలేదు. ఆఫీసులో టైపిస్టుగా చేసి రిటైరైంది. టైపు మిషను కూడా తెచ్చుకుంది. షెడ్డుకి వచ్చే ఉత్తరాలకి జవాబులు కొట్టేది ఆమే. పడవల యజమానులు మహా గట్టివాళ్ళు. ఇచ్చేటప్పుడు "మీ ఇష్టం మేస్త్రీగారూ" అంటారు. తీసుకునేటప్పుడు భూతద్దం తెచ్చుకుంటారు. ఒకాయన తన పడవ పచ్చరంగు ఇది కాదని, చిన్నప్పుడు తను చూసిన పచ్చ వేరని ఆరు ఉత్తరాలు రాశాడు. ఆమె ఆరింటికీ జవాబిచ్చింది. ఆరోదానిలో, తమరి చిన్నతనాన్ని కూడా షెడ్డుకి పంపిస్తే సరిచూసుకుంటామని కొట్టింది. అది చదివి మేస్త్రీ పడీపడీ నవ్వాడు. అన్నాచెల్లెళ్ళిద్దరూ కలిసి నవ్వుకోవడం అదే ఆఖరని అప్పుడు తెలియదు.

ఆ తర్వాతే నర్సమ్మగారి పడవ వచ్చింది.

నర్సమ్మగారు ఆసుపత్రిలో ముప్ఫై ఏళ్ళు చేసిన మనిషి. భర్త పోయాడు, పడవ మిగిలింది. ఆయన ఏటా మొదటిసారి పడవ నీళ్ళలోకి దించిన రోజున, లోపలి వైపు ఒక పలక మీద చాకుతో ఒక గాటు పెట్టేవాడు. మొత్తం ఇరవైమూడు గాట్లు. పడవ అప్పగించేటప్పుడు ఆవిడ కాగితం మీద రాసి మరీ ఇచ్చింది: గాట్లున్న పలక ముట్టుకోవద్దు.

మేస్త్రీ మూడు పలకలు మార్చాడు. అందులో అదొకటి.

పాత పలకని ముక్క చెయ్యకుండా, ఉన్నది ఉన్నట్టు ఊడదీసి, దుప్పట్లో చుట్టి దాచాడు. నర్సమ్మగారు వచ్చి చూసి, గుమ్మంలోనే నిలబడిపోయింది.

"ఏదండీ నా పలక?"

"లోపల పుచ్చిందమ్మా. నీళ్ళలో విడిపోతుంది."

"పైన ఒక్క చీలిక కూడా లేదే! మీకెవరు చెప్పారు పుచ్చిందని?"

"వినిపించింది."

ఆవిడ గిర్రున తిరిగి వెళ్ళిపోయింది. వారానికి పడవల యజమానుల సంఘానికి ఫిర్యాదు వెళ్ళింది. దాని నకలు షెడ్డుకి వచ్చింది. ఆసుపత్రి చీటీల్లా గుండ్రటి అక్షరాలు. అందులో ఒకచోట ఇలా ఉంది: "నేను పని చూడటానికి వెళ్ళిన రోజున మీ మేస్త్రీ నా పడవ పక్కన చతికిలబడి, ఒక కర్ర చివర నోట్లో కరుచుకుని, రెండో చివరతో పలకని పొడుస్తూ కనిపించాడు. ఇది వైద్యమా, భూతవైద్యమా?"

చెల్లెలికి ఒళ్ళు మండిపోయింది. టైపు మిషను ముందు కూర్చుని టకటకా కొట్టేసింది. మా అన్నగారు నోట్లో ఏం పెట్టుకుంటారన్నది మా సొంత వ్యవహారం, ఆయన చెవి గురించి ఈ రేవంతటికీ తెలుసు, అని. సంతకం కోసం కాగితం ఆయన ముందు పెట్టింది. మేస్త్రీ చెవి గురించి రాసిన వాక్యం దగ్గర వేలు పెట్టాడు.

"ఇది తీసెయ్యరాదూ?"

"ఎందుకు తియ్యాలి? నిజమేగా."

ఆయన సంతకం పెట్టాడు.

సంఘం ఆఫీసు గోడకి ఒక పెద్ద బోర్డు ఉండేది. నమ్మకంగా పనిచేసే షెడ్ల పేర్లు అందులో వరసగా రాసి ఉంటాయి. పడవ బాగుచేయించుకునేవాళ్ళు ముందు ఆ బోర్డు చూసుకుని వస్తారు. మేస్త్రీ పేరు పైనుంచి మూడోది, ఇరవై ఏళ్ళుగా. ఆ రోజు విచారణ ఆ బోర్డు కిందే జరిగింది. బల్లకి ఒక పక్క నర్సమ్మగారు, ఇంకో పక్క అన్నాచెల్లెళ్ళు, మధ్యలో దుప్పట్లో చుట్టిన పలక. సంఘం పెద్ద తెలివైనవాడు. అటూ ఇటూ పచార్లు చేస్తూ మాట్లాడుతున్నాడు. మాట్లాడుతూ మాట్లాడుతూ మేస్త్రీ వెనక్కి వెళ్ళి ఆగాడు.

"మేస్త్రీగారూ, మీ చొక్కా వెనకాల చిరిగింది, చూసుకున్నారా?"

మేస్త్రీ కదల్లేదు. ఎదురుగా నర్సమ్మగారి మొహంలోకే చూస్తున్నాడు. సంఘం పెద్ద ఇంకాస్త గొంతు పెంచి అదే మాట అన్నాడు. వెనక బెంచీ మీద ఎవరో కిసుక్కున నవ్వారు. ఇన్నాళ్ళూ పిలిస్తే పలక్కపోవడం, మాట్లాడుతుంటే తన పెదాలవంక చూడటం, వంటగదిలో గిన్నె పడ్డా తల తిప్పకపోవడం, అన్నీ ఒక్కసారిగా చెల్లెలి కళ్ళముందు తిరిగాయి. ముసలితనం చాదస్తం అనుకుంది తను.

"చెవే వినపడని మనిషి చెక్క పుచ్చిందని ఎలా చెప్పాడండీ?" అంది నర్సమ్మగారు. ఆ గొంతులో గెలిచిన సంతోషమేమీ లేదు.

"దానికేం, తేల్చేద్దాం," అన్నాడు సంఘం పెద్ద, ముందుకి వచ్చి. "పలక ఇక్కడే ఉంది. మధ్యకి కోసి చూస్తే పుచ్చిందో లేదో మన కళ్ళకే కనపడుతుంది. ఏమంటారు మేస్త్రీగారూ?"

మేస్త్రీ దుప్పటి విప్పాడు. గాట్లు సరిగ్గా పలక మధ్యలో ఉన్నాయి. నర్సమ్మగారు తల పక్కకి తిప్పుకుంది.

"కొయ్యను," అన్నాడు.

"కొయ్యకపోతే మీ మాటకి రుజువేముంది?"

"రుజువు లేదు. కొయ్యను."

పలక మీద మళ్ళీ దుప్పటి కప్పేశాడు. మర్నాడు బోర్డు మీద మూడో పేరు సున్నం పూత కింద మాయమైంది. నర్సమ్మగారు కొత్త పలకతోనే పడవ తీసుకెళ్ళింది. ఊడదీసిన పలక తనకెందుకని వదిలేసింది.

ఆ రోజు ఇంటికి వచ్చాక చెల్లెలు ఆయన్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఒక్కొక్క అక్షరం విడమర్చి అడిగింది. "వినపడటం లేదని నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే పడవలు రావు."

"మరి ఆ పలక? ఊహించి చెప్పావా?"

"లేదే. వినిపించింది. కర్ర గనక ఇలా పెడితే..."

"ఆ కర్ర మాట ఎత్తకు!" ఆమె అరిచింది. "ఆ కర్రతోనే నలుగురిలో నవ్వులపాలయ్యాం. నీ చెవి గురించి గొప్పగా రాసిన ఉత్తరం వాళ్ళందరి ముందూ చదివారు. ఇంకోసారి నా దగ్గర ఆ కర్ర మాట ఎత్తావంటే నా మీద ఒట్టే!"

మళ్ళీ ఎత్తలేదు.

షెడ్డుకి పడవలు రావడం ఆగిపోయింది. మేస్త్రీ రోజూ మామూలు వేళకే వెళ్ళి, ఉలులు నూరి, బల్ల తుడిచి, ఉన్న చెక్కనే చిత్రిక పట్టి, మామూలు వేళకే వచ్చేవాడు. భోజనాల దగ్గర ఆమె పళ్ళెం జరపడం, ఆయన తలూపడం, అంతే మాట్లాడుకోవడం. వినపడని మనిషితో ఎంతని అరుస్తుంది? మొదట్లో కాగితం మీద రాసి చూపించేది. తర్వాత అదీ మానేసింది. ఊహించి చెప్పి, పరువు పోయాక కూడా ఒప్పుకోని మనిషని ఆమెకి లోపల కోపం. టైపు మిషను మీద గుడ్డ కప్పేసింది. రేడియో ఒక్కటే మాట్లాడేది ఆ ఇంట్లో. అది పెట్టేది ఆయన, కట్టేసేది ఆమె.

మేస్త్రీ అలా పనిబల్ల పక్కన కూర్చునే పోయిన రోజున నర్సమ్మగారు వచ్చింది. షెడ్డులోకి వెళ్ళి, గోడకి ఆనించి ఉన్న పలక మీద దుప్పటి తొలగించి, గాట్లని వేలితో ఒక్కొక్కటే తడుముకుంది. బయటికి వస్తూ చెల్లెలి దగ్గర ఆగింది.

"ఆ రోజు కోసి ఉంటే గెలిచేవాడేమో కదమ్మా," అంది.

గెలిచేవాడో లేదో చెల్లెలికే నమ్మకం లేదు.

ఎనిమిది నెలల తర్వాత ఆమె కుడి చెవి దిబ్బడ వేసింది. చెవుల డాక్టరు చిన్నపిల్ల, మనవరాలి వయసు. రెండు కొమ్ముల ఇనపకడ్డీ ఒకటి తీసి, మోకాలి మీద కొట్టి చెవి దగ్గర పెట్టింది.

"వినిపిస్తోందా అమ్మా?"

"లేదు."

దాని కాడని చెవి వెనక ఎముకకి ఆనించింది. ఆమె ఉలిక్కిపడింది. తల లోపల ఎవరో తంబురా మీటినట్టుంది.

"ఇప్పుడు?"

"వినిపిస్తోంది! ఇదేంటమ్మా?"

"బయటి దారి మూసుకుపోయిందంతే. లోపలి చెవి బాగానే ఉంది. అలాంటివాళ్ళకి చప్పుడుని ఎముక తెచ్చి అందిస్తుంది."

డాక్టరు చీటీ రాస్తోంది.

"పళ్ళతో కూడా వినపడుతుందా?" అని అడిగింది ఆమె.

"పళ్ళు పాతుకున్నది ఎముకలోనే కదండీ. ఇంకా బాగా వినపడుతుంది. ఎందుకు?"

"కర్ర పెట్టుకుంటే?"

డాక్టరు నవ్వింది. "గట్టి కర్రయితే భేషుగ్గా! ఎవరు చెప్పారమ్మా మీకిది?"

ఇంటికి వచ్చి చెప్పులు కూడా విడవకుండా షెడ్డులోకి వెళ్ళింది. కర్ర మేకుకి వేలాడుతూ ఉంది. చివర అంతా పళ్ళ గాట్లు, ఒకదాని మీద ఒకటి, ఏళ్ళ తరబడి. మందుల పొట్లంలోని దూది రెండు చెవుల్లోనూ కుక్కుకుంది. నర్సమ్మగారి పలక చివర కర్ర ఆనించి, రెండో కొస కరుచుకుని, సుత్తితో కొట్టింది. గంటలా మోగింది. కర్ర జరిపింది. మళ్ళీ మోగింది. గాట్ల దగ్గరికి వచ్చి కొట్టింది. గోనెబస్తా. పక్కన కొట్టింది, గోనెబస్తా. ఇరవైమూడు గాట్ల కిందా అదే చప్పుడు. ఆయన అన్న మాట అన్నట్టే ఉంది అక్కడ, నాలుగేళ్ళుగా దుప్పటి కింద.

ఆ కర్ర పట్టుకుని ఇంట్లోకి వచ్చి స్టూలు మీద కూర్చుంది. చెవుల్లో దూది అలాగే ఉంది. రేడియో పెట్టి, చెక్క పెట్టెకి కర్ర ఆనించి, కళ్ళు మూసుకుంది. దవడలోంచి తలలోకి మనిషి గొంతు, ప్రతి మాటా విడివిడిగా, పక్కన కూర్చుని చెబుతున్నంత స్పష్టంగా వస్తోంది. వార్తలు అయిపోయాయి. ఆ తర్వాత నీటి మట్టం, గాలి వేగం, ఈ రోజు పడవలు దించవచ్చో లేదో చెప్పారు.

వార్తల తర్వాత అది వస్తుందని ఆమెకి అప్పటిదాకా తెలియదు. ఏ రోజూ అంతదాకా ఉండనివ్వలేదు.