నఫీసా ఆపా చేర్చిన గుంపు

నఫీసా ఆపా ఇక లేదన్న వార్త ఆదిలాబాద్ నుంచి ఫోనులో వచ్చినప్పుడు, నేను ఏడవలేదు. చెప్పిన మనిషితో వాదించాను. "నిన్న సాయంత్రమే నాతోని కొట్లాడి బస్సెక్కింది. ఎట్ల పోతది?" అన్నాను. అవతల ఆమె అన్నగారు "నిద్రలనే పోయింది బిడ్డా" అన్నారు. ఎవరి మాటకైనా ఎదురుమాట సిద్ధంగా ఉంచుకునే నేను ఫోను పెట్టేసి ఆదిలాబాద్ బస్సెక్కాను.

కరీంనగర్‌లోని మా ప్రైవేటు జూనియర్ కళాశాలలో ఆమె జంతుశాస్త్రం, నేను తెలుగు బోధించేవాళ్ళం. ఆమెను నేను అక్క అన్నట్టుగా ఉర్దూలో ఆపా అని పిలిచేదాన్ని. ఆదిలాబాద్ పత్తి వ్యాపారుల ఇంట పుట్టిన ఆపా ఉర్దూ, మరాఠీ, తెలుగు మూడింటిలోనూ అనర్గళంగా మందలించగల విదుషి. నేను లేనప్పుడు కాలేజీలో జరిగిన సంతాప సభలో ఆమెను శాంతమూర్తి అని కీర్తించారట. కీర్తించినవారు ఆమె పక్క కుర్చీలో ఒక్క రోజైనా కూర్చుని ఉండరు.

స్టాఫ్ రూంలో రెండడుగుల అక్వేరియం పెట్టింది ఆమే. నల్లా నీళ్ళు ఒక రోజు నిలవబెట్టి పోసింది, ఫిల్టరు తిప్పింది, వారాల తరబడి అందులో చేపలు మాత్రం వేయలేదు. చేపల మలినాన్ని హరించే సూక్ష్మజీవులు ముందు ఆ నీటిలో స్థిరపడాలన్నది ఆమె శాస్త్రం. ప్రిన్సిపాల్‌కు ఓపిక నశించింది.

"మేడం, చేపలేవి? ఉత్త నీళ్ళు చూసుకుంట కూసుందుమా?"

"గోడలు తడి ఆరకముందే ఇల్లు కిరాయికిస్తరా సార్? నీళ్ళు కుదురుకోవాలె. జర ఆగుండ్రి."

ఆయన ఆగారు. లెక్కల సారు ఆగలేదు. మన దగ్గర చేపలను జోడీగా కొనడం ఒక ఆచారం కదా! మరునాడే గోల్డ్‌ఫిష్‌లలో ఒక బంగారు జోడీ, ఒక నల్ల జోడీ పాలిథిన్ సంచిలో పట్టుకొచ్చి, "శుభమైతది మేడం" అన్నాడు. ఆపా కళ్ళద్దాలు తీసింది. ఆమె కళ్ళద్దాలు తీసిందంటే ఎదుటివాడికి మూడిందన్నమాట.

"చేపలకు లగ్గం చేస్తున్నమా సార్, జోడీ జోడీ అనుకుంట? గివి మూరెడు పెరుగుతయ్. గీ డబ్బాల వాటికి తిరగ జాగేది? వాపస్ ఇచ్చి రాండ్రి."

చివరికి ఆమె తెచ్చినవి ఒకే జాతి చేపలు, వేలెడు పొడవైనా లేని జీబ్రా డానియోలు, మొత్తం పది, అన్నీ ఒకేసారి. నీలిచారల ఆ మత్స్యబృందం ఒకే సంకల్పంతో మలుపు తిరుగుతుంటే పరీక్ష పేపర్లు దిద్దుతున్న చేతులు ఆగిపోయేవి. నేను మాత్రం ఒప్పుకోలేదు. "గుంపుల తిరుగుడు గొర్రెల పని ఆపా. నాకైతే ఒంటిగ ఈదే చేప నచ్చుతది" అన్నాను.

"ఒంటిగుంటే దానికి ప్రతి నీడా శత్రువే పద్మా. గుంపుల ఉంటే భయం తలా ఇంత అయితది. అయినా నువ్వెక్కడ ఒంటిగున్నవ్? కొట్లాడనీకి నీకు రోజుకొకరు కావాలె!"

ఆ మాటను ఆమె చేపలకే పరిమితం చేయలేదు. నా నోటి దురుసు భరించలేక యాజమాన్యం నన్ను పంపించేయదలచిన రోజున, నేను రోషంగా ఒక్కదాన్నే వారి గదికి బయల్దేరాను. ఆపా నా కొంగు పట్టి ఆపింది. "ఒక్కొక్కలం పోతే ఒక్కొక్కలనే మింగుతరు" అని, అటెండరు సహా అందరినీ వెంటబెట్టుకుని లోపలికి నడిచింది. ఈనాటికీ నా ఉద్యోగం నిలిచి ఉందంటే ఆ నడక పుణ్యమే.

ఆదిలాబాద్‌లో ఆమె ఇంటి ఆడవాళ్ళ మధ్య కొద్దిరోజులు గడిపి నేను తిరిగివచ్చేసరికి స్టాఫ్ రూంలో ఫిల్టరు తిరుగుతోంది. నీళ్ళలో ఒక్క చేపా లేదు. సంతాప సభ ముగిశాక, "మేడం గుర్తుగ తలా ఒకటి తీస్కపోండ్రి" అని ప్రిన్సిపాల్ అన్నారట. అందరూ కన్నీళ్ళు తుడుచుకుంటూ తలా ఒక చేపను సంచిలో కట్టుకుని పోయారట. ప్రేమతోనే చేశారు. అందుకే నాకు మరింత మండింది.

"తప్పా మేడం? మా షోకేసుల, గాజు సీసల పెట్టినం. పాపం, రంగు తగ్గింది. తింటలేదు. మేడం కోసం దుఃఖపడుతున్నట్టుంది" అన్నాడు లెక్కల సారు.

"మేడం కోసం కాదు సార్, పక్కదాని కోసం. సాయంత్రంలోగ తేండ్రి" అన్నాను. తెచ్చాడు. ఇంకో ఇద్దరు తెచ్చారు. ఒకామె ఇంట్లో చేప అప్పటికే చచ్చిపోయింది. వచ్చిన మూడూ ఇప్పుడు అక్వేరియం మూలన ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ నిలబడ్డాయి, ఈదడం లేదు.

ఈ వ్యాసం చదివే మిగతా మిత్రులారా, మీ గుమ్మానికొచ్చి అడగడానికి నాకు మొహమాటం లేదని మీకు తెలుసు. రేపు కాలేజీకి వచ్చేటప్పుడు మీ చేపను తీసుకురండి. ఆపాకు మీరు అర్పించగల శ్రద్ధాంజలి, ఆమె చేర్చినవాటిని మళ్ళీ ఒక్కచోట చేర్చడమే.

తక్కువ పడితే కొత్తవి కొని కలుపుదామని ప్రిన్సిపాల్ ఊరడించారు. కలుపుతాం, తప్పదు. జంతుశాస్త్రానికి కూడా కొత్త మేడం వస్తుంది. నా పక్క కుర్చీలోనే కూర్చుంటుంది. ఆమెతో నేను కొట్లాడను, చాలా మర్యాదగా మాట్లాడతాను.