పాల క్యానుకు కట్టిన బొగ్గు

మా చిన్నమ్మ పోయిందని ఆమె పెద్దకొడుకు ఫోన్ చేసినప్పుడు నేను మహబూబాబాద్‌లో మా ఇంటి ముందు బండి దగ్గర బెండకాయలు ఏరుకుంటున్నాను. "అక్కా, అవ్వ పోయింది" అన్నాడు. పొద్దున పాల సెంటర్‌లో పాలు పోసి వచ్చి, గుంజకు ఆనుకుని కూర్చుని చాయ్ అడిగిందట. కోడలు చాయ్ తెచ్చేసరికే ప్రాణం లేదు. "పాలు పోసే వచ్చిందా?" అని అడిగాను. "పోసింది. పాసైనయని గూడ చెప్పింది" అన్నాడు. తర్వాత వాడే చిన్నగా నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది.

ఆ "పాసైనయి" అన్న మాట సంగతి చెబితే చిన్నమ్మ గురించి చాలావరకు చెప్పినట్టే.

ఆమె మా అమ్మకు చెల్లెలు. జనగామ దగ్గరి పల్లెలో ఉండేది. నన్నూ ఆ ఊరికే ఇచ్చారు. పెళ్లయిన కొత్తలో మా రెండిళ్లకు మధ్య ఒక మట్టిగోడే అడ్డం. మాది నీళ్లు లేని నేల. కొత్త వరి విత్తనాలు వచ్చాయి, దేశంలో తిండిగింజలకు కరువు తీరింది అని రేడియోలో చెప్పేవారు. అది కాలువలున్న చోట. మా బావుల్లో బొక్కెన వేస్తే అడుగు తగిలేది. హరిత విప్లవం మా జనగామ మీదుగా రైల్లో వెళ్లిపోయింది కానీ దిగలేదు.

తర్వాత పాల వంతు వచ్చింది. ఒకరోజు మైకు కట్టిన జీపు ఊళ్లోకి వచ్చింది. దేశమంతా పాల వెల్లువ రాబోతోందని, మన ఊళ్లోనూ పాలు కొనే సెంటర్ పెడుతున్నారని చెప్పింది. చిన్నాయిన, అంటే చిన్నమ్మ భర్త, అరుగు మీద నుంచే అందుకున్నాడు. "నీళ్ల వరదకే దిక్కులేదు, పాల వరదొస్తదట! చెర్వుకట్ట జర చూసుకోండ్రి." అక్కడున్న వాళ్లంతా నవ్వారు. చిన్నమ్మ మాత్రం నవ్వలేదు. ఆ ఏడు వాళ్ల మక్కచేను నిలువునా ఎండింది. ఇంట్లో ఉన్నది ఒక్క బర్రె. దాన్ని అంగడిలో అమ్మేసి, భూపాలపల్లి వైపు గనుల దగ్గర మట్టిపనికి పోదామని చిన్నాయిన పట్టుబట్టి ఉన్నాడు. ఆమెకు ఊరు విడవడం ఇష్టం లేదు.

"సెంటర్ల పాలు పోసి చూస్త. నడవకుంటే నువ్వన్నట్టే పోదాం" అంది.

మొదటిరోజు క్యానును బూడిదతో తళతళలాడేలా తోమింది. పాలు పోసింది. మూత పెట్టేముందు చిటికెడు పసుపు వేసింది. ఇంటి పాలు గడప దాటేటప్పుడు పసుపు వేయడం మా దగ్గర అలవాటు. అలా వేయకపోతే దిష్టి తగిలి బర్రె వట్టిపోతుందని భయం. ఎవరికి పాలిచ్చినా అట్లే ఇచ్చేవాళ్లం. ఆ రోజు చూద్దామని నేనూ ఆమె వెంట పోయాను.

సెంటర్‌లో పాలు పట్టే ఆయన మూత తీసి లోపలికి చూశాడు.

"ఏందమ్మా, పాలు పచ్చగున్నయి?"

"పసుపేసిన సారూ. చిటికెడే."

"ఎందుకేసినవ్? గిదేమన్న దవాఖాననా? పరీక్షల ఫేలైనయి. తీస్కపో."

చిన్నమ్మ కదల్లేదు. "పసుపుబొట్టు పెట్టుకొని పోయిన పిల్లలు పరీక్షల పాసైతరు. నా పాలెట్ల ఫేలైతయి?" అని నిలదీసింది. వరుసలో నిలబడ్డ ఆడవాళ్లు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. ఆ తర్వాత ఒక్కొక్కరే తమ క్యాన్లు ఎత్తుకుని వెనక్కి మళ్లారు. వాళ్లూ పసుపు వేసే తెచ్చారు.

ఆ పూట మా వాడంతా పసుపు పాలు తాగింది. జలుబు లేని వాళ్లకు కూడా తగ్గిపోయింది.

ఇంటికి వచ్చాక నవ్వులు లేవు. "ఇగ చాలు. అంగడినాడు బర్రెను తోలుకపోత" అన్నాడు చిన్నాయిన. "రేపు పసుపెయ్యకుంట పోస్త" అంది చిన్నమ్మ. మంచంలో ఉన్న ఆమె అత్త లేచి కూర్చుంది. "పసుపెయ్యని పాలు గడప దాటియ్యనియ్య. బర్రె వట్టిపోతే ఎవలు పాలిస్తరే, సర్కారా?" అంది. పసుపు వేస్తే సెంటర్ ఆయన పోయనివ్వడు. వేయకపోతే అత్త పోనివ్వదు. బర్రె మాత్రం నింపాదిగా నెమరేస్తోంది.

చిన్నమ్మ చాలాసేపు పొయ్యి ముందు కూర్చుంది. తర్వాత అందులోంచి ఒక బొగ్గు తీసి చల్లార్చింది. నల్లదారం తెంపుకుని అత్త దగ్గరికి వచ్చింది.

"అత్తా, దిష్టి దేంతోని తగుల్తది?"

"కండ్లతోని."

"కండ్లకు కనవడేది క్యాను. పాలు మూత కింద కూసుంటయి. దిష్టిబొగ్గు క్యానుకు కడదాం."

ముసలామె కొంచెంసేపు ఆలోచించింది. "ముడి గట్టిగ ఎయ్యి" అని మళ్లీ పడుకుంది.

మర్నాడు క్యాను పిడికి బొగ్గు వేలాడుతుండగా చిన్నమ్మ సెంటర్‌కు పోయింది. నేను గోడ మీదుగా వీధి చివరికి చూస్తూ నిలబడ్డాను. తిరిగొచ్చేటప్పుడు మలుపు తిరుగుతూనే ఆమె అరిచిన అరుపు వాడంతా విన్నది. "పాసైనయ్!"

బర్రె అంగడికి పోలేదు. ఆ నెల తిరిగేసరికి ఊళ్లో ప్రతి క్యానుకూ ఒక బొగ్గు వేలాడింది. జనగామ నుంచి తనిఖీకి వచ్చిన పెద్దసారు అవి చూసి, "గివేంది, నంబర్ బిళ్లలా?" అని అడిగాడట. "దిష్టి సారూ. మీ అసొంటోళ్లు వస్తరని" అందట చిన్నమ్మ.

తర్వాత ఒక బర్రె రెండయింది, రెండు నాలుగయ్యాయి. పాల బిల్లు ఆమె పేరున వచ్చేది. ఇంట్లో ఏం కొనాలో చిన్నాయిన ఆమెను అడగడం మొదలుపెట్టాడు. కూతురు నర్సు చదివింది. ఊళ్లో మట్టిపనికి వలసపోయే ఇళ్లు తగ్గాయి. అన్నీ మంచే జరిగాయని అనను. కొందరు ఉన్న పాలన్నీ సెంటర్‌కు పోసి పిల్లలకు నల్లచాయ్ ఇచ్చేవాళ్లు. అలాంటి ఇళ్ల ముందు ఆగి చిన్నమ్మ గట్టిగానే తిట్టేది. "ముందు పిల్లల గొంతు తడవనియ్యి. దేశానికి తర్వాత పోద్దువు." ఆమె రోజూ కొన్ని పాలు ఆపి తోడేసేది. చల్ల మాత్రం ఎప్పుడూ అమ్మలేదు. "పాలు సెంటర్‌కు, చల్ల వాడకు" అనేది. మేం మహబూబాబాద్ వచ్చేశాక కూడా, నేను ఊరికి పోతే మొదట చేతికిచ్చేది చల్ల గ్లాసే.

"నేను బడికి పోలే బిడ్డా. నా బర్రెలు మాత్రం రోజుకు రెండుమాట్ల పాసైతయి" అని చెప్పుకుని నవ్వేది.

ఈమధ్య ఇంట్లోకి గ్యాస్ పొయ్యి వచ్చి బొగ్గుకు కరువొచ్చింది. మనవడు చెల్పూర్ కరెంటు ప్లాంటులో పనిచేస్తాడు. లారీల నుంచి రోడ్డు మీద రాలిన గని బొగ్గు ముక్క ఒకటి తెచ్చిచ్చాడు. "గిది పనిచేస్తదా అవ్వా?" అంటే, "ఊర్లకు ఊర్లు ఎలిగిచ్చేది, నా క్యానును కాపాడదా?" అందట. ఆ ముక్క నల్లగా మెరుస్తూ, నడుస్తుంటే క్యానుకు తగిలి టిక్కుటిక్కుమనేది.

చిన్నమ్మ పోయిన రోజు నేను కాజీపేటలో రైలు మారి ఊరు చేరేసరికి మధ్యాహ్నమైంది. సాయంత్రానికి అంతా ముగించుకుని, స్నానాలు చేసి వాకిట్లో కూర్చున్నాం. వేళకు బర్రెలు అరిచాయి. ఇంటివాళ్లకు మైల కాబట్టి పక్కింటి కోడలు వచ్చి పాలు పిండింది. గోడ మీద బోర్లించిన చిన్నమ్మ క్యానునే తీసుకుని, పాలు పోసుకుని వెళ్లింది. బొగ్గు చప్పుడు వీధి చివరిదాకా వినిపించింది.

కొంతసేపటికి మలుపు దగ్గర నుంచి కేక వచ్చింది. "పాసైనయ్!"

ఇన్నేళ్లలో మా వాడ ఆడవాళ్లందరికీ ఆ కేక అలవాటైపోయింది. ఆ పిల్ల గుమ్మం దాకా వచ్చాక, అది ఏ ఇల్లో, ఏ రోజో గుర్తొచ్చి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

చిన్నాయిన తలెత్తాడు. "ఇంకోసారి అను బిడ్డా. జర గట్టిగ. మీ అవ్వ ఇంకా గంత దూరం పోలేదు" అన్నాడు.

ఆ పిల్ల ఇంకోసారి అరిచింది. బర్రెలు తలలు తిప్పి చూశాయి. ఆమె క్యాను కడిగి గోడ మీద బోర్లించింది. నీళ్లు కారుతూ ఉన్నాయి. దారం కొసన బొగ్గు అటు ఒకసారి, ఇటు ఒకసారి తిరిగి, మెల్లగా ఆగింది.