ఆశన్న తన మీద వేసుకున్న తప్పు

మిథనాల్ సీసా మూత తీయగానే ముక్కులోకి దూరే ఘాటు వాసనకు నాకు ఇప్పటికీ ఆశన్న కాకా గుర్తొస్తాడు. వనపర్తిలో వేరుశనగ గింజల్లోని బూజు విషం మీద నేను పరిశోధన చేసిన ప్రయోగశాలలో ఆయన అటెండరు. కాగితం మీద ఆయన పని సీసాలు కడగడం. అయితే ఆ విషం ఎంత ఉందో కొలిచే హెచ్‌పీఎల్‌సీ యంత్రం మొరాయిస్తే డైరెక్టరు గారు కూడా ఆయన్నే పిలిచేవారు.

నేనేమో ఎమ్మెస్సీలో గోల్డ్ మెడల్ తెచ్చుకున్నానన్న మిడిసిపాటుతో వెళ్ళాను. మొదటి వారమంతా ఆయన నన్ను యంత్రాన్ని ముట్టుకోనివ్వలేదు. "కండ్లు మూసుకొని పంపు సప్పుడు ఇను బిడ్డా. గాలి బుడగ జొరబడితే సప్పుడు మారుతది" అనేవాడు. నాకు ఒళ్ళు మండిపోయేది. తర్వాత ఒకనాడు, తెర మీద అంకెలు కదలకముందే "కాకా, బుడగ!" అని అరిచాను. ఆయన ముఖం వెలిగిపోయింది. ఆ రోజే రెండో పాఠం చెప్పాడు. "మిషన్ల ఉప్పునీళ్ళు నడిపినంక ఉత్తనీళ్ళతోటి కడుగకుంట ఇంటికి పోవద్దు. తిన్న కంచం గట్లనే ఇడిసిపెడ్తమా?"

ఒక శనివారం ఇంటికి వెళ్ళే అమరచింత బస్సు తప్పిపోతుందని యంత్రాన్ని కడగకుండానే పరుగెత్తాను. సోమవారానికి ఉప్పు గడ్డకట్టి పంపు బిగుసుకుపోయింది. డైరెక్టరు గారు అందరినీ నిలబెట్టి ఎవరి పని అని గద్దించారు. ఆశన్న కాకా నా వైపు ఒక్కసారి చూసి, "నేనే సార్, కడుగుడు మర్సిన" అన్నాడు. ఆయనది కాంట్రాక్టు ఉద్యోగం. ఆ నెలతో తీసేశారు.

నిజం ఒప్పేసుకుంటానని చెప్పడానికి ధరూర్ దగ్గర ఆయన ఊరికి వెళ్ళాను. పత్తి ఏరే కూలికి పోయి చేనులో ఉన్నాడు. నన్ను చూసి మొదట అడిగిన మాట, "మిషన్ నడుస్తుందా బిడ్డా?" కొత్త పంపు వేశారని, నడుస్తోందని చెప్పాను. "గంతే సాలు. నువ్వు జెప్తే నీ సదువు ఆగుతది. నాకేంది, ఏడన్న బతుకుత" అన్నాడు. ఆ మాటను అనుమతి అనుకున్నాను. అసలు సంగతి, నాకు భయం. రెండేళ్ళకు డాక్టరేటు వచ్చింది. పట్టా చూపిద్దామని మళ్ళీ వెళితే, ఎండాకాలంలోనే పోయాడని ఆయన భార్య చెప్పింది. గోడకు ఆనుకుని ఏడ్చాను. ఆమే నాకు నీళ్ళిచ్చి ఓదార్చింది. ఆమెకు కూడా నిజం చెప్పలేకపోయాను.

ఇప్పుడు నా దగ్గరకు వచ్చే ప్రతి విద్యార్థికీ మొదటి రోజే చెబుతాను, ఆ పంపును పాడుచేసింది నేనేనని. పిల్లలు నా నిజాయితీని మెచ్చుకుంటారు. ఆ మెప్పు ముల్లులా దిగుతుంది. ఈ మాట చెప్పినందువల్ల ఇప్పుడు నాకు పోయేదేమీ లేదు. పోయేది ఉన్న రోజున ఆశన్న కాకా పక్కనే నిలబడి నేల చూపులు చూశాను.